ఇల్లంతా ఒకే ఫొటోలో

మండువా ఇంటిని ఒక్క ఫొటోలో పట్టడం కుదరదు. వీధిలోంచి తీస్తే అరుగు, పెంకుల కప్పు వస్తాయి, అంతే. ఆ ఇంటి ప్రాణం లోపల ఉంటుంది. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా, నాలుగు వైపులా స్తంభాలు, స్తంభాల వెనక వసారా, వసారా వెనక గదుల గుమ్మాలు. వెనక్కి జరిగి తీద్దామంటే నాలుగడుగుల్లోనే వీపు గోడకు తగులుతుంది. నా చిన్న కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఒకసారికి చూసేది 50 డిగ్రీల పైచిలుకు, నిలువుగా పట్టుకుంటే 40. మండువాలో నిలబడ్డ మనిషి చుట్టూ ఉన్న ఇల్లు 360 డిగ్రీలు.

నా తెలివితక్కువతనం ఈ లెక్క దగ్గరే మొదలైంది. వెడల్పాటి లెన్సు ఉంటే తప్ప మా ఇల్లు ఫొటోకి రాదని తీర్మానించుకున్నాను. ఆ లెన్సు కోసం, అది తగిలించే పెద్ద కెమెరా కోసం డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టాను. పండక్కి గోదావరి జిల్లాలోని మా ఊరు వెళ్లినప్పుడల్లా మండువాలో నిలబడి, ఇక్కణ్నుంచి తీస్తే దక్షిణపు వసారా అంతా వస్తుంది, అక్కణ్నుంచి తీస్తే గాదె కూడా వస్తుంది అని ఊహించుకునేవాణ్ని. అప్పుడు నా జేబులో కెమెరా ఉండేది. దానితో భోగిమంట తీశాను, గొబ్బెమ్మలు తీశాను, పిల్లల్ని తీశాను. ఇంటిని తీయలేదు. సరంజామా వచ్చాక తీద్దామనుకున్న ఆ ఏళ్లలోనే తాతయ్య పడకకుర్చీ వసారాలోంచి అటకెక్కింది. ఉయ్యాలబల్ల గొలుసులు తుప్పుపట్టాయని దించేశారు. వంటింటి వైపు పెంకు తీసేసి రేకులు వేశారు. ఇదంతా నా కళ్లముందే జరిగింది.

పనోరమాకి, అంటే ముక్కలు కలిపి చేసే వెడల్పు బొమ్మకి, వెడల్పాటి లెన్సు అక్కర్లేదని తెలియక చేసిన పని కాదిది. ఫెలీస్ బియాటో అనే ఫొటోగ్రాఫర్ 1858లో, సిపాయిల తిరుగుబాటు లక్నోలో అణిగాక, ఆ నగరాన్ని గాజుపలకల మీద ముక్కలు ముక్కలుగా తీశాడు. ఆ ప్రింట్లు పక్కపక్కన అతికించి, నగరమంతా ఒకే చూపులో కనిపించేలా చేశాడు. ఆ బొమ్మ పుస్తకంలో చూశాను. అతుకుల దగ్గర నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. అయినా నగరం నగరంలాగే ఉంటుంది, కన్ను గీతను దాటుకుని పోతుంది. అంత చక్కటి పాఠం కళ్లముందున్నా, దానికీ నా జేబులో ఉన్న కెమెరాకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. సామాను లేదు కాబట్టి పని మొదలుపెట్టలేదన్న మాట నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, లెన్సు కంటే ఆ హాయే నాకు ఎక్కువ కావాల్సి వచ్చిందేమో అనిపిస్తుంది.

తట్టింది గండికోటలో. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్ని పెన్నానది చీల్చుకుంటూ పోయే చోటు అది. కోట లోపలి నుంచి నడిచి వెళ్లి లోయ అంచున నిలబడితే ఎవరికైనా ముందు తోచేది, ఇది ఒక ఫొటోలో పట్టదని. ఎడమ చివర నుంచి కుడి చివరకు తిరుగుతూ, ఒక ముక్కలోని కొంత భాగం తర్వాతి ముక్కలోనూ వచ్చేలా వరసగా నొక్కాను. ఇంటికొచ్చాక కెమెరాతో పాటు ఇచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్‌కి ఆ ముక్కలన్నీ అప్పగించాను. కాసేపటికి తెర మీద లోయ మొత్తం పరుచుకుంది. ఎర్రరాయి పొరలు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి ఎక్కడా తెగకుండా సాగాయి. ఆ సంతోషం మామూలు సంతోషం కాదు. పనోరమా నాకు వచ్చేసిందనుకున్నాను. నిజానికి అక్కడ నేను చేసినవన్నీ తప్పులే. ఆ చోటు వాటిని కప్పిపెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి బాబాయి ఫోన్ చేశాడు. "ఇల్లు బేరం కుదిరిందిరా. ఇల్లు కాదు, కలప. దూలాలు, స్తంభాలు, తలుపులు విప్పి పట్టుకుపోతారట. చూసుకోవాలనుకుంటే ఈ ఆదివారం రా" అన్నాడు.

వెళ్లాను. మామ్మ తూర్పు వసారాలో స్తంభానికి చేరగిలబడి కూర్చుని ఉంది. ఆ స్తంభం దగ్గరే ఆవిడ నాకు చిన్నప్పుడు అన్నం కలిపి ముద్దలు పెట్టేది. సామాను చాలావరకు బాబాయి కొత్తింటికి చేరిపోయింది. తులసికోట మిగిలింది, గోడకి వేలాడే పాత పటాలు మిగిలాయి. నేను మండువా మధ్యలో నిలబడి, కెమెరాను రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకుని, తెరలో చూసుకుంటూ, కొద్దికొద్దిగా తిరుగుతూ నొక్కడం మొదలుపెట్టాను. గండికోటలో అలాగే చేశాను కదా.

"ఒరేయ్, ఎందుకురా అలా గుండ్రంగా తిరుగుతావు, కళ్లు తిరిగి పడగలవు" అంది మామ్మ.

"నువ్వు కదలకు మామ్మా, ఒక్క నిమిషం" అన్నాను. ఆ మాటకి ఆవిడ నా వైపు తల తిప్పింది. సరిగ్గా అప్పుడే నొక్కాను.

అక్కడ జరిగిన తప్పు వివరంగా చెప్పాలి. పనోరమా తీయాలనుకునే ప్రతివాడూ మొదట పడే గుంట అదే. నేను తిరిగింది నా చుట్టూ నేను. కెమెరా నా ఒంటి నుంచి ఒకటిన్నర అడుగు అవతల ఉంది. నేను తిరుగుతుంటే లెన్సు ఉన్నచోట ఉండి తిరగలేదు, నా చుట్టూ పెద్ద వలయంలో నడిచింది. ఒక ముక్కకీ తర్వాతి ముక్కకీ మధ్య 27 డిగ్రీలు తిరిగాననుకుంటే, లెన్సు దాదాపు ఒక జాన పక్కకి జరిగిపోయింది. స్తంభం నాకు ఐదడుగుల దూరంలో ఉంది, దాని వెనక గోడ ఇరవై అడుగుల దూరంలో. లెన్సు జాన జరిగితే ఆ స్తంభం వెనక గోడ మీద రెండడుగులకు పైగా జరిగినట్టు కనిపిస్తుంది. ఒక ముక్కలో స్తంభం గుమ్మం పక్కన ఉంది. తర్వాతి ముక్కలో గుమ్మానికి అడ్డంగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ దేన్ని నమ్మాలి? గుమ్మాన్ని కలిపితే స్తంభం రెండవుతుంది. స్తంభాన్ని కలిపితే గుమ్మం విరుగుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ రెండింటినీ ఒకేసారి నిలబెట్టలేదు, ఎందుకంటే ఆ రెండు ముక్కలూ రెండు వేర్వేరు చోట్ల నిలబడి చూసిన ఇళ్లు. దీన్ని పారలాక్స్ అంటారు.

గండికోటలో ఇదే తప్పు చేసినా తెలియలేదు. అక్కడ నా ముందున్న రాతిగట్లన్నీ వందల అడుగుల అవతల ఉన్నాయి. అంత దూరాన జాన జరగడమంటే ఒక డిగ్రీలో పిసరంత, కంటికి ఆనదు. లోయ తీయడం సులువు, ఇల్లు తీయడం కష్టం. పనోరమా నేర్చుకునేవాళ్లు లోయతోనే మొదలుపెడతారు, అందులో తప్పు లేదు. అది వచ్చింది కాబట్టి ఇల్లూ వస్తుందనుకుని, రెండోసారి దొరకని రోజున, ముందు ఒక్కసారైనా మా అద్దెగదిలో ప్రయత్నించి చూడకుండా ఆ ఇంటికి వెళ్లడం నా తప్పు.

వెలుతురు సంగతి ఇంకొకటి. పైనుంచి ఎండ పడే వైపు తిరిగినప్పుడు వెలుతురు, వసారా మూలకి తిరిగినప్పుడు నీడ. కెమెరాను ఆటోలో వదిలేశాను. నీడను చూసినప్పుడల్లా అది వెలుతురు పెంచుకుంది, ఎండను చూసినప్పుడల్లా తగ్గించుకుంది, రంగు కూడా మార్చుకుంది. ఒకే సున్నపు గోడ ఒక ముక్కలో పసుపుగా, పక్క ముక్కలో నీలిబూడిదగా, దాని పక్క ముక్కలో తెల్లగా వచ్చింది. ఆ చిన్న కెమెరాలోనే పనోరమా కోసం ఒక మోడ్ ఉంది. మొదటి ముక్కకి కొలిచిన వెలుతురునే చివరిదాకా పట్టి ఉంచుతుంది, పక్క ముక్కతో ఎంత కలవాలో తెరమీద చూపిస్తుంది. కెమెరా డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకంలో అదంతా రాసి ఉంది. ఆ పుస్తకాన్ని నేను తెరిచింది ఇల్లు పోయాక.

ఆ రాత్రే బాబాయి వాళ్ల కంప్యూటర్‌లో ముక్కల్ని కలిపాను. స్తంభాలు కొన్ని రెండేసి వచ్చాయి. దూలం ఒకటి మధ్యలో మెట్టులా విరిగింది. మామ్మ రెండు ముక్కలు కలిసే చోట పడింది. ఒక ముక్కలో ఆవిడ తులసికోట వైపు చూస్తోంది, ఇంకోదాంట్లో నా వైపు. సాఫ్ట్‌వేర్ ఆ రెండు ముఖాల్నీ ఒకదాని మీద ఒకటి పలచగా పరిచి కలిపేసింది. కళ్లు నాలుగు, ఏవీ సరిగ్గా లేవు. అయినా దూరం నుంచి చూస్తే ఇల్లంతా ఒకే బొమ్మలో ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

తర్వాత చేసిన పని ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. మర్నాడు ఊరి గుడి దగ్గర ఇంకా తీయాలి, కార్డులో చోటు చాలదు. పనోరమా తయారైపోయింది, ఇక ముక్కలతో పనేమిటి అనుకున్నాను. కార్డులోంచి వాటిని చెరిపేశాను. బాబాయి కంప్యూటర్‌లో ఉన్నవి కూడా, ఆయనకి ఎందుకు అడ్డమని, నేనే తీసేశాను. ఇల్లంతా తిరిగి రావడానికి పట్టిన ఆ పద్నాలుగు ముక్కలూ కలిపి 50 ఎంబీ కూడా ఉండవు. అవి సరిగ్గా కలిస్తే 21,000 పిక్సెళ్ల పైన వెడల్పుండే బొమ్మ రావాలి. ఆ సాఫ్ట్‌వేర్ 4,000 పిక్సెళ్లకి కుదించి చేతిలో పెట్టింది. నేను దాచుకున్నది అది. గోడమీది పటాల్లో ఎవరున్నారో ఇవాళ ఎంత పెద్దది చేసి చూసినా చుక్కలు తప్ప ఏమీ కనిపించవు.

కలిపిన బొమ్మే పనోరమా అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పని అర్థమవడానికి నాకు చాలాకాలం పట్టింది. తీసిన ముక్కలే పనోరమా. కలిపిన బొమ్మ వాటిని ఆ రోజుకి, ఆ సాఫ్ట్‌వేర్‌తో, నాకున్న తెలివితో చదివిన ఒక పద్ధతి మాత్రమే. సాఫ్ట్‌వేర్ మారుతుంది, తెలివి పెరుగుతుంది, ముక్కలుంటే మళ్లీ చదువుకోవచ్చు. విత్తనపు గింజల్ని కూడా వండుకు తినేసిన రైతు పని నేను చేశాను.

నేను ఇల్లు తీసే నాటికే ఆ విద్య చాలా ముందుకు పోయింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో ఇద్దరూ 2003లో చూపించిన పద్ధతిలో, ముక్కల్ని ఏ వరసలో ఇచ్చినా కంప్యూటరే వాటిలోని పోలికలు వెతికి, ఏది దేని పక్కదో కనిపెట్టి కలుపుతుంది. హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ప్రొఫెసర్ రాసిన పనోరమా టూల్స్ మీద కట్టిన హగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా ఖర్చు లేదు. అందులో రెండు ముక్కల్లోనూ ఉన్న ఒకే బిందువును, తలుపు గొళ్లెమో పటం మూలో, మనమే గుర్తుపెట్టి చూపించవచ్చు. స్తంభం అంచు మీద పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టి ఇది నిలువు అని చెబితే వంగిన ఇల్లంతా నిటారుగా నిలబడుతుంది. నన్ను కుదిపేసింది మాస్క్ అనే సదుపాయం. ఈ ముక్కలో ఉన్న మనిషిని ఉంచు, ఆ ముక్కలో ఉన్న అదే మనిషిని వదిలెయ్ అని రంగు పూసి చెప్పవచ్చు. మామ్మ నా వైపు చూసిన ముఖాన్ని ఉంచి, రెండోదాన్ని వదిలెయ్యమంటే సరిపోయేది. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. చెయ్యడానికి ముక్కలు లేవు.

మామ్మ పోయాక, బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, చివరిసారి ఇంట్లో మామ్మ స్తంభం దగ్గర కూర్చున్నప్పుడు నువ్వు తీశావు కదా, ఆ ఫొటో పంపవా, పెద్దది చేయించి పెట్టుకుంటాను" అని. ఏం చెప్పాలో తోచలేదు. ఉన్నది పంపాను. చాలాసేపటికి, "ఇందులో మామ్మ ముఖం లేదు అన్నయ్యా" అని వచ్చింది. ముక్కలు చెరిపేశానని దానికి అప్పుడే చెప్పాల్సింది. సాఫ్ట్‌వేర్ పాడుచేసిందన్నాను. ఈ వ్యాసం చదివితే దానికి అసలు సంగతి తెలుస్తుంది. తెలియాలి.

పెద్ద కెమెరా నేను తర్వాత కొన్నాను. వెడల్పాటి లెన్సు కూడా కొన్నాను. ఇంటి లోపలి పనోరమాకి అవి మేలు చేస్తాయి, కాదనను. ముక్కలు తగ్గుతాయి, చీకటి మూలల్లో వివరం మిగులుతుంది. కానీ స్తంభం రెండు కాకుండా ఆపింది అవి కాదు. ఆపింది ఒక దారం, దాని కొసన ఒక చిన్న ఇనప నట్టు.

పద్ధతి ఇది. సరిగ్గా లెన్సు కిందికి వచ్చేలా కెమెరాకి దారం కడతాను. కెమెరా అడుగున స్టాండు బిగించే మర ఉంటుంది కదా అని దానికి కడితే లాభం లేదు, చాలా చిన్న కెమెరాల్లో ఆ మర లెన్సుకి తిన్నగా ఉండదు. బరువు కూడా తక్కువుండాలి, బయటికి పొడుచుకొచ్చే లెన్సు గొట్టం మీద భారం పడకూడదు. నేల మీద ముగ్గుపిండితో ఒక చుక్క పెడతాను. నట్టు ఆ చుక్కకి వేలెడు పైన వేలాడేలా దారం కొలుస్తాను. ఇక నట్టు చుక్క మీదనుంచి కదలకూడదు, నేనే దాని చుట్టూ తిరగాలి. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే పనిముట్టు ఇదే. ఫోన్‌తో తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, చాలా ఫోన్లలో లెన్సు ఒక మూలన ఉంటుంది, కాబట్టి దారం ఆ మూల నుంచే దిగాలి.

లెన్సులో ఏ చోటు చుట్టూ తిప్పాలో కనుక్కోవడానికీ ఇంట్లో ఉన్నవి చాలు. దగ్గర్లో ఉన్న కిటికీ ఊచ, దూరాన ఉన్న కరెంటు స్తంభం ఒకే వరసలోకి వచ్చేలా నిలబడి, కెమెరాను ఎడమకీ కుడికీ తిప్పి చూడాలి. ఊచ స్తంభం మీదనుంచి పక్కకి జరుగుతుంటే, కెమెరాను కాస్త వెనక్కో ముందుకో జరిపి మళ్లీ తిప్పాలి. ఎటు తిప్పినా రెండూ అంటుకునే ఉన్న చోటు దొరుకుతుంది. చిన్న కెమెరాల్లో దాదాపు ఎప్పుడూ అది లెన్సు గాజుకి దగ్గర్లోనే ఉంటుంది. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు అరంగుళం అటూఇటూ అయినా నష్టం లేదు, జాన జరిగితేనే ఇల్లు విరుగుతుంది.

స్టాండు ఉంటే ఇంకా మంచిదే, కానీ చాలా చోట్ల దానికి వీలుండదు. లేపాక్షి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అక్కడి కల్యాణమండపం, పైకప్పు లేకుండా ఆగిపోయిన ఆ స్తంభాల గుంపు, పారలాక్స్‌కి అసలైన పరీక్ష. దగ్గర స్తంభం, దాని సందులోంచి దూరపు స్తంభం, ఆ సందులోంచి ఇంకొకటి. దారంతో ఆ మండపం మధ్యలో నిలబడి తీశాను. ఒక్క స్తంభమూ రెండు కాలేదు. ఆ బొమ్మ చూసినప్పుడు వచ్చిన ఆనందం వెంటే ఒక నొప్పి కూడా వచ్చింది, ఈ దారం ఆ ఆదివారం కూడా మా పెరట్లో దండేనికి వేలాడుతూ ఉండే ఉంటుందని.

ఇప్పుడు ముక్కలేవీ చెరపను. చెడిపోయినవీ ఉంచుతాను. ప్రతి పనోరమాకి ఒక ఫోల్డరు, అందులో అసలు ముక్కలు, కలిపిన బొమ్మ, హగిన్ ఫైలు. రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి చెల్లెలి దగ్గర ఉంచుతున్నాను. ఏ దిక్కున మనుషులుంటే ఆ దిక్కున ఒకటికి మూడుసార్లు నొక్కుతాను, అతుకు ఎవరి ముఖం మీదా పడకుండా ఆ మనిషి ముక్క మధ్యలో ఉండేలా తిరుగుతాను. వెలుతురు, రంగు, ఫోకస్ మొదటి ముక్క దగ్గరే బిగించేస్తాను. ఫోన్‌లో అయితే తెరమీద వేలు కాసేపు నొక్కి ఉంచితే చాలా వాటిలో వెలుతురు, ఫోకస్ బిగుసుకుంటాయి. మండువా ఇంటికి మబ్బుపట్టిన పొద్దు మేలు. ఎండ నేరుగా పడని వేళ మండువాకీ వసారాకీ తేడా తగ్గి, ఒకే కొలతలో రెండూ నిలుస్తాయి.

అమ్మ పుట్టిల్లు ఇంకా నిలబడే ఉంది. చిన్న మండువా, నాలుగే స్తంభాలు, వాటిలో ఒకటి అప్పుడే చెదలు పట్టింది. వచ్చే కనుమకి తీస్తానని చెప్పాను. సున్నం వేయించమంటావా అని అత్తయ్య అడిగింది. వద్దన్నాను. ఇప్పుడెలా ఉందో అలాగే కావాలన్నాను, దండెం మీద బట్టలతో సహా. చెల్లెలు కూడా వస్తానంది, నట్టు చుక్క మీద ఉందో లేదో తను చూస్తుందట.